పేరు చెరిపించుకున్న ఎక్సిల్దా

మొగుడి సమాధిరాయి మీద తన పేరు కూడా చెక్కి ఉంటే, దాన్ని చెరిపెయ్యమని ఎక్సిల్దా తివియెర్జ్ రాళ్ళు చెక్కేవాడి దగ్గరికి వెళ్ళిన మాట నిజం. ఎందుకు వెళ్ళిందన్న దాని మీద సాంత్ ఓదీల్ ఊళ్ళో తిరుగుతున్న మాట మాత్రం శుద్ధ అబద్ధం. ఆమె మొగుడు అదేలార్‌కి నదిలో దుంగలు తోలే రోజుల్లో ఎగువన ఒక ఆడది ఉండేదట. ఆ సంగతి ముసలిదానికి ఇన్నాళ్ళకి తెలిసిందట. అందుకే చచ్చాక కూడా అతని పక్కన పడుకోనంటోందట. ఈ కథ జుట్టు కత్తిరించే కొట్లో పుట్టింది. ఆదివారం ప్రార్థన ముగిసి జనం చర్చి మెట్లు దిగే వేళకి ఆ ఎగువ ఆడదానికి ఎర్రజుట్టు వచ్చింది, ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు.

అదేలార్‌ని ఎరిగినవాళ్ళు ఈ మాట నమ్మకూడదు. టోపీ ఒకసారి తీసి మళ్ళీ పెట్టుకుంటే గాని మాట పెగలని మనిషి అతను. ఇంట్లో ఉన్న ఒక్క ఆడదానితోనే వాతావరణం తప్ప ఇంకేమీ మాట్లాడలేకపోయినవాడు రెండోదాన్ని ఎక్కడ సంబాళిస్తాడు? అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఎగువన అతనికి ఒక ఆడది ఉన్న మాట నిజమే. ఆమెని పెళ్ళి చేసుకుని, రైలెక్కించి, ఈ ఊరు తీసుకొచ్చాడు. ఆమె పేరే ఎక్సిల్దా.

సాంత్ ఓదీల్‌లో మనిషిని ఒంటిపేరుతో పిలిస్తే ఎవరికీ అర్థం కాదు. రొజేర్ అంటే ఏ రొజేర్? ఒవిలా వాళ్ళ అదేలార్ వాళ్ళ రొజేర్. ఇలా తండ్రినీ తాతనీ తగిలిస్తేనే ఇక్కడ మనిషి మనిషిగా చెల్లుతాడు. అందుకే కొత్తకోడలు ఊళ్ళో దిగితే, సామాను కింద పెట్టేలోపే అడిగే మాట ఒకటుంది: “ఎవరమ్మాయివి?” అదేలార్ వెంట ఎక్సిల్దా రైలు దిగిన రోజున కూడా స్టేషన్లో అత్తగారూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ ఆ మాట నోట్లో సిద్ధంగా పెట్టుకునే నిలబడ్డారు. అడగ్గానే చెబుదామని ఎక్సిల్దా కూడా సిద్ధపడింది. అదేలార్ టోపీ తీసి, తన జన్మలో మొదటిసారి ఆడవాళ్ళకంటే ముందు మాట్లాడాడు.

“సన్యాసినుల దగ్గర పెరిగిందమ్మా.”

అంతే. ఆడవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, “ఓహో, పాపం” అన్నట్టు తలలు వంచారు. ఎందుకంటే ఆ రోజుల్లో ఆ మాటకి ఇక్కడ ఒకటే అర్థం. పెళ్ళికాని తల్లి కని సన్యాసినుల గుమ్మంలో వదిలేసిన పిల్ల. అలాంటి పిల్లని పట్టుకుని నీ తండ్రెవరని అడగడం పాపం. కాబట్టి ఊరు ఊరంతా ఆ క్షణాన దయగా ఉండాలని నిశ్చయించుకుంది. ఎవరైనా పైఊరి చుట్టం తెలియక “ఈవిడ ఎవరమ్మాయి?” అని మొదలుపెడితే బల్ల కింద కాలు తొక్కేవారు. ఆమె చామనఛాయ చూసి, తండ్రి ఎవరో స్పెయిన్ నావికుడై ఉంటాడని వాళ్ళలో వాళ్ళే తేల్చుకుని ఊరుకున్నారు. పొరుగింటి ఫ్లోరెత్ సంగతి చెప్పాలంటే, మతగురువు ఇంట్లో ఏ పూట ఏ కూర వండారో కూడా తెలుసుకోనిదే ఆమెకి ముద్ద దిగదు. అలాంటి ఫ్లోరెత్ కూడా పెళ్ళయి ఈ వీధికి వచ్చిన నాటి నుంచి ఎక్సిల్దాని ఆ ఒక్క మాటా అడగలేదు. తన జీవితంలో చేసిన పెద్ద త్యాగం అదేనని ఆమె ఇప్పటికీ అంటుంది.

అందరి దయా ఒక వైపు ఉంటే, నిజం ఇంకో వైపు ఉంది. ఎక్సిల్దా అనాథ కాదు, స్పెయిన్ వాళ్ళ పిల్లా కాదు. నది ఎగువన, రైలు ఒక్క నిమిషం ఆగి వెళ్ళిపోయే సరస్సు ఒడ్డున ఉన్న అతికమెక్ ఆదివాసుల పిల్ల. తల్లీ తండ్రీ అన్నా అందరూ ఉన్న పిల్ల. సన్యాసినుల ఆసుపత్రిలో ఊపిరితిత్తుల జబ్బుతో ఒక చలికాలం ఉంది గనక, అదేలార్ చెప్పినదాన్ని పూర్తిగా అబద్ధమని కూడా అనలేం. కలప కంపెనీ మకాంలో వంటపాత్రలు తోముతుంటే అతను చూశాడు. పెళ్ళి చేసుకున్నారు. అప్పటి చట్టం ఎలా ఉండేదంటే, ఆదివాసీ పిల్ల తెల్లవాణ్ణి చేసుకుంటే ప్రమాణం ముగిసిన నిమిషం నుంచి సర్కారు లెక్కలో తెల్లదే. తెల్లపిల్ల ఆదివాసీని చేసుకుంటే ఆమె ఆదివాసీయే. ఒంట్లో నెత్తురు సంగతి ఏమో గాని, పెళ్ళిబట్టల్లో మాత్రం ఆ రోజుల్లో అంత మహిమ ఉండేది. తెల్లదైపోయిన ఎక్సిల్దాకి పుట్టిన ఊళ్ళో ఉండే హక్కు పోయింది, చచ్చాక పడుకునే హక్కు కూడా పోయింది. తండ్రి జోకిమ్ వచ్చి ఆమెని రైలెక్కించి వెళ్ళాడు.

రైల్లో అదేలార్ ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు.

“మా ఊరివాళ్ళ నోళ్ళు మంచివి కావు. నువ్వు ఎక్కడిదానివో తెలిస్తే నిన్ను బతకనివ్వరు. ఎవరైనా సూటిగా అడిగితే అబద్ధం చెప్పమని నేననను. అడక్కపోతే మాత్రం నీయంతట నువ్వు చెప్పకు. సరేనా?”

“సరే,” అంది ఎక్సిల్దా. మహా అయితే వారం రోజుల మాట అనుకుంది.

అది ఒక జీవితకాలం సాగింది. ఆమె పిల్లల్ని కన్నది, పెంచింది, చర్చి సంఘంలో దుప్పట్లు కుట్టింది, పండగలకి అందరిలాగే మాంసం కూరిన రొట్టెలు కాల్చింది. భూర్జపు బెరడు వంచి, దేవదారు వేళ్ళతో కుట్టి బుట్టలు చేసేది. సన్యాసినులు నేర్పారు కాబోలు అనుకున్నారు. ఆగస్టు నెలలో బ్లూబెర్రీలని పొద్దున పొయ్యి మీద పెడితే సాయంత్రం దాకా ఉడికించి, నల్లటి ముద్ద చేసి దాచేది. సన్యాసినుల పొదుపు అనుకున్నారు. తల్లి పోయిందని ఎవరిచేతో కబురందినప్పుడు నల్లబట్టలు వేసుకుని ఒక్కతే రైలెక్కి వెళ్ళింది. చిన్ననాటి సన్యాసినుల్ని చూడ్డానికి వెళ్ళిందనుకుని ఊరంతా ఆమె భక్తిని మెచ్చుకుంది. అక్కడి స్టేషన్ వెనక గుట్ట మీద తల్లిని పూడ్చాక అన్న సిప్రియన్ ఆ పక్కనే ఉన్న గడ్డినేలని కాలితో చూపించాడు. “ఇది నీకుండాల్సిన చోటు. నువ్వు తెల్లదానివి గనక ఒప్పుకోరు. చట్టాలు మారతాయంటున్నారు, చూద్దాం,” అన్నాడు. చట్టం తర్వాత మారింది కూడా. కానీ మారిన చట్టాన్ని వాడుకోవాలంటే తానెవరో చెప్పాలి, చెప్పాలంటే ఎవరైనా అడగాలి, అడగడానికి సాంత్ ఓదీల్‌లో అందరూ మరీ మంచివాళ్ళు.

ఇంతలో ఊరికి పూర్వీకుల పిచ్చి పట్టింది. కొన్నేళ్ళ కిందట పట్నం నుంచి ఒకాయన వచ్చి చర్చి హాల్లో ఉపన్యాసం ఇచ్చాడు. వంశంలో ఎంత వెనకైనా సరే, ఒక్క ఆదివాసీ ముత్తవ్వ ఉన్నట్టు చూపిస్తే తమ సంఘంలో చేర్చుకుని బొమ్మ ఉన్న కార్డు ఇస్తామన్నాడు. ఆ కార్డుంటే దుప్పి వేట అనుమతి కోసం లాటరీ చీటీలు తియ్యనక్కర్లేదని ఎవరో పుట్టించారు. అది నిజం కాదని తేలేసరికే సగం ఊరు ఆదివాసీ అయిపోయింది. తాతల కాలం నుంచి వాళ్ళని “అడవి మనుషులు” అని నోటికొచ్చినట్టు అన్న ఇళ్ళల్లోనే అవ్వలు పుట్టుకొచ్చారు. ఎక్సిల్దా పెద్దల్లుడు గయేతాన్‌కి అందరికంటే ముందు దొరికింది, తెల్లవాళ్ళ ఓడలు వచ్చిన తొలిరోజుల నాటి అవ్వ. వెంటనే “పరుగెత్తే తోడేలు” అని పేరు పెట్టుకున్నాడు. మోకాళ్ళ నొప్పులకి మెట్లెక్కలేక పడకగది కిందికి మార్పించుకున్న మనిషి.

కొడుకు రొజేర్‌కి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. బడి బస్సు తోలి రిటైరయ్యాడు, భార్య పోయాక తల్లి దగ్గరే ఉంటున్నాడు. పొద్దున్నే చర్చి రికార్డులున్న చోటికి పోవడం, సాయంత్రం వాడిపోయిన మొహంతో రావడం. తివియెర్జ్ వంశాన్ని కొడుకు నుంచి తండ్రికీ, తండ్రి నుంచి తాతకీ పట్టుకుంటూ ఓడ దిగిన మొదటి మగాడి దాకా వెళ్ళాడు. వాళ్ళంతా వరసబెట్టి సముద్రం అవతలి నార్మండీ రొట్టెలవాళ్ళ పిల్లల్నే చేసుకున్నారు. సేకరించిన కాగితాలన్నీ తల్లి కుట్టిన బెరడు బుట్టలో పెట్టి వంటింటి బల్ల మీద ఉంచేవాడు. తల్లి వైపు వెతకాలని అతనికి తోచలేదు. తోచినా ఏం లాభం? సన్యాసినుల పిల్లకి వైపు ఎక్కడుంటుంది? అమ్మని ఆ మాట అడిగి బాధపెట్టకూడదని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పింది, కొడుకు తల్లికి ఆ మాత్రం గౌరవం ఇవ్వాలి గదా.

ఒక ఆదివారం గయేతాన్ భోజనానికి వచ్చాడు. మెడలో ఏదో జంతువు గోరు వేలాడుతోంది.

“ఏం బామ్మర్దీ, ఇంకా దొరకలేదా? నాకు మొదట్నుంచీ అనుమానమే. మీ ఇంట్లో అడవి వాసన లేదు. నువ్వు మరీ తెల్లోడివి.”

“ఇంకా నాయనమ్మల వైపు నాలుగు కొమ్మలున్నాయి బావా.”

“ఎన్నుంటే ఏం? నెత్తురు పిలుస్తుంది. నాకు చిన్నప్పట్నుంచీ అడవిలోకెళ్తే ఒళ్ళు ఝల్లుమనేది.”

“అది దోమలు కుట్టడం వల్ల,” అంది ఎక్సిల్దా, అతని పళ్ళెంలో బంగాళదుంపలు వేస్తూ.

“మీకు అర్థం కాదు అత్తయ్యా. మీ తప్పు కాదులెండి. వేళ్ళు తెలియనివాళ్ళకి ఈ బాధ తెలీదు.” గొంతు తగ్గించి, దయగా చెప్పాడు. తర్వాత బ్లూబెర్రీ ముద్ద రొట్టెకి రాసుకుని తిని, “మా సంఘం పండక్కి ఇది ఒక డబ్బాడు చేసివ్వకూడదా? అసలైన ఆదివాసీ వంట ఎలా ఉంటుందో తెలీదు గాని, చూడ్డానికి అలాగే ఉంది,” అన్నాడు.

ఎక్సిల్దా చేసిచ్చింది. నవ్వొచ్చినప్పుడల్లా పొయ్యి వైపు తిరిగేది. చెప్పెయ్యాలని ఆమెకి అనిపించకపోలేదు. అదేలార్ పోయాక మాట తప్పినా నిలదీసేవాడు లేడు. కానీ ఇప్పుడు తనంతట తాను చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఫోటో తీసి, చట్రం కట్టి, గయేతాన్ సంఘం గోడకి తగిలిస్తారు. తనని ఎవరూ వెతకలేదు, ఓడల నాటి అవ్వల్నే వెతికారు. ఒక్కరైనా, ఒక్కసారైనా, మొహంలో మొహం పెట్టి ఎవరమ్మాయివని అడిగితే చాలునని ఆమెకి ఉండేది.

ఆ చలికాలం దగ్గు పట్టింది. దగ్గు తగ్గింది గాని గుట్ట మీది గడ్డినేల కళ్ళ ముందు నుంచి కదల్లేదు. కళ్ళు మూస్తే పిల్లలు తనని తీసుకెళ్ళి అదేలార్ పక్కన పెట్టేస్తారు. రాయి మీద పేరు, పుట్టిన ఏడు ఎప్పుడో చెక్కేశారు, పోయిన ఏడు ఒక్కటే బాకీ. ఇంకెవరూ ఇంకేమీ అడగరు. అందుకని మంచు కరిగాక ముందు అదేలార్ సమాధి దగ్గరికి వెళ్ళి చెప్పింది: “నువ్వు నీవాళ్ళ మధ్య పడుకున్నావు. నేను నావాళ్ళ దగ్గరికి పోతాను. కోపం లేదు, నీకిచ్చిన మాట తప్పడం లేదు.” అక్కణ్ణుంచి రాళ్ళు చెక్కేవాడి దగ్గరికి వెళ్ళింది. పేరు చెరిగిపోతే ఎందుకని ఎవరో ఒకరు అడక్క తప్పదు గదా అన్నది ఆమె ఎత్తు.

ఊరు అడగలేదు. జవాబు తనే తయారుచేసుకుంది. ఎర్రజుట్టు, ఇద్దరు పిల్లలు.

అన్నిటికంటే విడ్డూరం ఏమిటంటే, ఆ జవాబుని రొజేర్ కూడా నమ్మాడు. నమ్మి ఊరుకుంటే బాగుండేది. ఇన్నేళ్ళూ కాగితాలు తిరగేసిన అలవాటు. తండ్రి ఎగువన వదిలేసిన ఆడదాన్నీ, తనకి తెలియని తమ్ముణ్ణో చెల్లెల్నో వెతకాలని బెరడు బుట్ట చంకన పెట్టుకుని రైలెక్కాడు.

“ఎక్కడికిరా?” అంది ఎక్సిల్దా.

“ఎగువకి. పనుంది.”

“చలికోటు తీసుకెళ్ళు. ఆ సరస్సు మీది గాలి ఎముకల్లోకి పోతుంది.”

ఏ సరస్సో, ఆమెకెలా తెలుసో అని ఒక్క క్షణం కూడా ఆగకుండా కోటు తీసుకుని వెళ్ళాడు.

దుంగల మకాం ఉన్న చోట ఇప్పుడేమీ లేదు. రైలు దిగి స్టేషన్లో నిలబడితే, సామాన్ల బండి కోసం ఎదురుచూస్తూ బల్ల మీద కూర్చున్న ఒక అతికమెక్ ముసలమ్మ అతన్ని పలకరించింది. తండ్రి పేరు చెప్పి, ఎర్రజుట్టు ఆడది ఎవరైనా ఉండేదా అని అడగబోయాడు. ముసలమ్మ చూపు అతని మొహం మీద లేదు, బుట్ట మీద ఉంది.

“ఇదెక్కడిది నాయనా?”

“మా అమ్మ కుట్టింది.”

ఆమె బుట్టని ఒళ్ళో పెట్టుకుని, కాగితాలు పక్కన పడేసి, అంచు పొడుగునా వేలితో తడిమింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

“ఎవరమ్మాయి మీ అమ్మ?”

రొజేర్ నోరు తెరిచాడు. ఓడ దిగిన మొదటివాడి దాకా ప్రతి తివియెర్జ్‌నీ వరసగా అప్పజెప్పగలడు. పుట్టినప్పట్నుంచి ఊళ్ళో ప్రతి కొత్తమొహాన్నీ ఈ ప్రశ్న అడిగినవాడే, ఆ ప్రశ్నకి తడుముకున్నవాణ్ణి మనిషిగా లెక్కచెయ్యనివాడే.

“తెలీదండీ,” అన్నాడు.

“తెలీదా? నువ్వు కొడుకువేనా?”

“కొడుకునే.”

“మరి అడగలేదా?”

ముసలమ్మ కాగితాలన్నీ ఏరి బుట్టలో పెట్టి చేతికిచ్చి, తిరుగు రైలు ఎటువైపు ఆగుతుందో చూపించింది.

అతను ఇల్లు చేరేసరికి వంటింట్లో ఎక్సిల్దా బఠాణీ సూపు కలుపుతోంది. ఫ్లోరెత్ బల్ల దగ్గర కూర్చుని, సాయం చేస్తున్న వంకతో బంగాళదుంపల చెక్కు తీస్తోంది. రొజేర్ ఎక్కడికెళ్ళాడో, ఎప్పుడొస్తాడో తెలుసుకునే పోవాలని పొద్దుటినుంచీ అక్కడే ఉంది.

“దొరికిందా నాయనా ఆ ఎర్రజుట్టుది?” అంది ఫ్లోరెత్.

రొజేర్ ఆమె వైపు చూడలేదు. కోటు కూడా విప్పలేదు. కాగితాలు తీసి కుర్చీలో పెట్టి, ఖాళీ బుట్టని తల్లి ముందు బల్ల మీద ఉంచాడు.

“అమ్మా, నువ్వు ఎవరమ్మాయివి?”

ఫ్లోరెత్ చేతిలో కత్తి ఆగిపోయింది. అలవాటు కొద్దీ బల్ల కింద అతని కాలు తొక్కబోయి, మధ్యలో ఆపుకుంది. ఇన్నేళ్ళ త్యాగం ఎవరో తన కళ్ళ ముందే కొల్లగొడుతుంటే చూస్తూ కూర్చుంది.

ఎక్సిల్దా గరిటె గిన్నె అంచుకి తట్టి పక్కన పెట్టింది. పొయ్యి తగ్గించింది. గౌనుకి చేతులు తుడుచుకుని, తీరిగ్గా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“జోకిమ్ పెతికే కూతుర్నిరా. మా అమ్మ మార్గెరీత్ నువ్వు దిగొచ్చిన స్టేషన్ వెనక గుట్ట మీదుంది, ఆవిడ పక్కన నాకు చోటుందని మీ మేనమామ చూపించాడు. నేనెళ్ళి అడిగితే ఎవరో తెల్లావిడ వచ్చిందంటారు, నువ్వెళ్ళి అడుగు, నీకెలాగూ ఆదివాసుల్ని వెతకడం అలవాటేగా. మీ బావని మాత్రం వెంటబెట్టుకెళ్ళకు, ఆ గోరు మెళ్ళో వేసుకొచ్చాడంటే ఇచ్చే చోటు కూడా ఇవ్వరు.”